లోకాన్ని కాచే మనిషి ఇంటిని ఎవరు కాయాలి?

సూపర్ హీరో కథల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ బతికి ఉన్న నాయకుణ్ణి వెతకడం కష్టం. 1938లో అమెరికా కామిక్స్ పుస్తకంలో తొలిసారి కనిపించిన సూపర్‌మ్యాన్‌కు పుట్టిన గ్రహమే మిగల్లేదు. ఆ మరుసటి ఏడాది వచ్చిన బ్యాట్‌మ్యాన్ చిన్నతనంలో తన కళ్ల ముందే అమ్మానాన్నలను పోగొట్టుకున్నాడు. 1962లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ తండ్రి సోదరుడి ఇంట పెరిగి, ఆ పెద్దదిక్కును కూడా ఒక దొంగ చేతిలో కోల్పోయాడు. పాఠకుల జాలి కోసమే రచయితలు ఇలా రాశారని నేను అనుకోను. ఇంటికి జవాబు చెప్పుకోవాల్సిన మనిషిని అర్ధరాత్రి మేడల మీదికి పంపడం కథకుడికి కష్టం కాబట్టి, ఆ ఇంటినే ముందుగా కథలోంచి తీసేశారు.

విజయవాడలోనో గుంటూరులోనో ఈ కథలను చూసే కుటుంబాలకు ఆ వెసులుబాటు లేదు. మన ఇళ్లలో రాత్రి తొమ్మిది దాటితే ఎక్కడున్నావని ఫోన్ వస్తుంది; అన్నం తిన్నావా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పకుండా ఎవరూ పడుకోలేరు. ఇంట గెలిచి రచ్చ గెలవాలని మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం గానీ, మనం మెచ్చుకునే వీరుల్లో ఎక్కువ మంది రచ్చ గెలిచినవారే. వారి ఇంటి సంగతి మనం అడగం. లోకాన్ని రక్షించే మనిషి భర్తగా, భార్యగా, తల్లిగా, కొడుకుగా కూడా ఉండగలడా అన్న ప్రశ్న వినోదం కోసం పుట్టినదే అయినా, దాని లోపల పోలీసు, నర్సు, లైన్‌మన్, పారిశుద్ధ్య కార్మికుల ఇళ్ల ప్రశ్న ఉంది. సాధారణంగా దీన్ని ఒక వ్యక్తి నేర్పుకు సంబంధించిన విషయంగా, అంటే సమయాన్ని తెలివిగా పంచుకోవడంగా చూస్తారు. ఆ చూపులోనే చిక్కు ఉందని నా అభిప్రాయం.

అనాథత్వం తర్వాత కథకులు ఎంచుకున్న రెండో దారి ముసుగు. అసలు పేరు తెలిస్తే శత్రువులు కుటుంబాన్ని పట్టుకుంటారు కాబట్టి దాచాలని కథ చెబుతుంది. ఆ భయానికి ఆధారం కథల్లోనే దొరుకుతుంది: 1973లో స్పైడర్‌మ్యాన్ ప్రియురాలు గ్వెన్ స్టేసీని శత్రువు చంపిన కథ పాఠకులను కలవరపెట్టింది. నాయకుడికి కోపం తెప్పించడానికో కన్నీరు పెట్టించడానికో అతని మనిషిని బలి ఇవ్వడం ఆ తర్వాత ఎంత అలవాటైందంటే, ఇలా గాయపడిన, చనిపోయిన స్త్రీ పాత్రలన్నిటినీ 1999లో గెయిల్ సిమోన్ (తర్వాత కామిక్స్ రచయిత్రి అయ్యారు) ఒక జాబితాగా కూర్చి ప్రశ్నించారు. అయితే ముసుగు శత్రువునే కాదు, ఇంటివాళ్లను కూడా బయట నిలబెడుతుంది. భార్యకు తెలియకుండా రోజూ బయటికి వెళ్లే భర్త ఆమెను ప్రమాదం నుంచి తప్పిస్తున్నానని నమ్మవచ్చు. ఆమెకు మాత్రం అబద్ధాలు చెప్పే మనిషి, అన్నం దగ్గర కూర్చున్నా మనసు ఎక్కడో ఉన్న మనిషి మిగులుతాడు. తెలియజేస్తే ఆమె తానేం చేయాలో తాను నిర్ణయించుకునేది. రక్షణ పేరుతో ఆమె నుంచి తీసేసింది ఆ నిర్ణయాన్నే.

మూడో దారి అన్నిటికంటే విడ్డూరమైనది. స్పైడర్‌మ్యాన్ పాత్రకు 1987లో పెళ్లి చేశారు. ఇరవై ఏళ్లు గడిచాక, పెళ్లయిన నాయకుడు పెద్దవాడైపోయినట్టు కనిపిస్తాడని, కథకు దారులు మూసుకుపోతాయని ప్రచురణకర్తలు భావించారు. అందుకని 2007లో మొదలైన ఒక కథలో, మృత్యుముఖంలో ఉన్న పెద్దామెను బతికించడానికి భార్యాభర్తలిద్దరూ ఒక రాక్షసుడితో ఒప్పందం చేసుకుంటారు. దానికి మూల్యంగా వారి వివాహమే జరగనట్టు లోకం జ్ఞాపకం మారిపోతుంది. ఎంతటి శత్రువు మీదైనా నాయకుణ్ణి గెలిపించగల రచయితలు ఒక దాంపత్యాన్ని నిలపడం తమవల్ల కాదని ఒప్పుకున్నట్టే నాకు తోస్తుంది. భార్యతో బిల్లుల గురించి మాట్లాడుకునే మనిషి లోకాన్ని కాపాడితే కథ ఎందుకు పాడవుతుందో ఆ నిర్ణయం తీసుకున్నవారు వివరించాల్సింది.

దీనికి ఎదురు నిలిచిన కథలూ లేకపోలేదు. 1961లో వచ్చిన ఫెంటాస్టిక్ ఫోర్ ఒక కుటుంబం లాంటి జట్టు. వారికి రహస్యమైన పేర్లు లేవు, ఊరందరికీ వారెవరో తెలుసు. 1965లో వారిలో ఇద్దరికి పెళ్లయింది, 1968లో కొడుకు పుట్టాడు. 2004లో వచ్చిన ది ఇన్‌క్రెడిబుల్స్ యానిమేషన్ చిత్రంలో తండ్రి చాటుగా పాత వీరత్వానికి వెళ్లడమే ఇంటికి ముప్పు తెస్తుంది. 2018 నాటి రెండో భాగంలో తల్లి బయటికి వెళ్తుంది, తండ్రి ఇంట్లో ఉండి కొడుకు లెక్కలు, కూతురి అలక, పసివాడి అల్లరి మధ్య నిద్ర లేక కుదేలవుతాడు. బలానికి మారుపేరైన మనిషి ఇంటిపనికి అలిసిపోవడం చూసి ప్రేక్షకులు నవ్వారు, కానీ అందులో చెప్పిన మాట గంభీరమైనది: తల్లి బయటి లోకాన్ని రక్షించగలగడానికి ఇంట్లో మరొకరు పూర్తిగా నిలబడాలి.

ఇప్పుడు కథల నుంచి కాస్త పక్కకు వచ్చి, ఈ సంఘర్షణ ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఉద్యోగానికీ కుటుంబానికీ మధ్య వచ్చే ఘర్షణను 1985లో జెఫ్రీ గ్రీన్‌హాస్, నికొలస్ బ్యూటెల్ అనే పరిశోధకులు మూడు మూలాలుగా విడదీశారు. మొదటిది సమయం: ఒకచోట గడిపిన గంట మరోచోట ఉండదు. రెండోది ఒత్తిడి: పనిలో కలిగిన అలసట, భయం, ఆందోళన ఇంటికి వచ్చాక కూడా వదలవు. మూడోది ప్రవర్తన: పనికి అవసరమైన తీరు ఇంట్లో పనికిరాదు. సూపర్ హీరో కథలు మొదటిదాన్నే పట్టుకుని వేలాడుతాయి. స్కూలు వార్షికోత్సవానికి ఆలస్యంగా రావడం, పుట్టినరోజు కేకు కోసే వేళకు మాయమవడం వంటి సన్నివేశాలన్నీ సమయానికి సంబంధించినవే. ఎగరగలిగిన మనిషికి అది చిన్న సమస్య. అతను ఆలస్యాన్ని వేగంతో పూడ్చుకోగలడు. మిగతా రెండింటికీ ఏ శక్తీ పనికిరాదు. రోజంతా ప్రతి ముఖంలో శత్రువును వెతికిన కళ్లతో ఇంటికొచ్చి కూతురు దాచుకున్న ఉత్తరాన్ని చూస్తే అనుమానమే ముందు పుడుతుంది. ఆజ్ఞాపించడం అలవాటైన గొంతు అన్నం దగ్గర కూడా ఆజ్ఞాపిస్తుంది. మన ఊళ్లలో పోలీసు ఉద్యోగుల ఇళ్లను దగ్గరగా చూసినవారికి ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు.

దీనికి పౌలీన్ బాస్ అనే పరిశోధకురాలి ఆలోచన తోడైతే చిత్రం ఇంకా స్పష్టమవుతుంది. వియత్నాం యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన అమెరికా సైనికుల కుటుంబాలను ఆమె అధ్యయనం చేశారు. మనిషి పోయాడో ఉన్నాడో తెలియని ఆ ఇళ్లలో దుఃఖానికి ముగింపు ఉండదని, మనిషి ఎదురుగా ఉండి మనసు లేని ఇళ్లలో కూడా ఇలాంటి నష్టమే జరుగుతుందని ఆమె వివరించారు. వీరుడి ఇంటివారు ఈ రెంటినీ మార్చి మార్చి అనుభవిస్తారు: వెళ్లినప్పుడు వస్తాడో రాడో తెలియదు, వచ్చాక వచ్చాడో లేదో తెలియదు.

ఇదంతా మన నేల మీద పెట్టి చూడటానికి ఒక ఊహ చేస్తాను. విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకు ఉండే ఒక ఇల్లాలికి అతీత శక్తులు ఉన్నాయనుకుందాం. భర్త ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాడు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, రక్తపోటు. కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆమెను 2024 ఆగస్టు 31 రాత్రిలో నిలబెడదాం.

ఆ రోజుల్లో జరిగినది ఊరికంతటికీ గుర్తుంది. మైలవరం వైపు కొండల్లో కురిసిన భారీ వాన బుడమేరు వాగులోకి దిగింది. మామూలుగా ఆ నీటిని వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మళ్లింపు కాలువలోకి తిప్పి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. కృష్ణే నిండుగా పారుతున్నప్పుడు ఆ నీరు సులువుగా నదిలోకి పోదు. కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సెప్టెంబర్ 1, ఆదివారం నాడు సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట నీట మునిగాయి. మరునాడు బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి, 2009 అక్టోబర్ నాటి రికార్డును దాటింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్ వెయిట్లను, అంటే గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మలను, ఢీకొన్నాయి.

మన నాయిక ఎక్కడికి వెళ్లాలి? కథకుడు అయితే ఆమెకు వెంటనే ఒక కఠినమైన ఎంపిక పెడతాడు: ఒకవైపు నీళ్లలో చిక్కుకున్న అత్తగారు, మరోవైపు బ్యారేజీ. నీతిశాస్త్రంలో కూడా ఈ తరహా ప్రశ్న మీద చాలా చర్చ జరిగింది. ఆపదలో ఉన్న ఇద్దరిలో తన భార్యను కాపాడుకోవడానికి ఒక మనిషి ముందుగా నైతిక సూత్రాలను సంప్రదించాడంటే, అతను ఒక ఆలోచన ఎక్కువ చేసినట్టేనని బెర్నార్డ్ విలియమ్స్ అనే తత్త్వవేత్త అన్నారు. సొంత మనిషి మీద ప్రేమకు అనుమతి పత్రం అక్కరలేదని ఆయన భావం. నేను దానితో ఏకీభవిస్తాను. తన ఇంటి డాబా మీదికి అత్తగారిని ముందుగా చేర్చినందుకు ఆమెను స్వార్థపరురాలు అనే హక్కు ఎవరికీ లేదు.

కానీ ఆ రాత్రిని జాగ్రత్తగా చూస్తే ఎంపిక అక్కడ లేదు. మళ్లింపు కాలువ గట్టు తెగకముందే ఆమె ఆ గట్టును నిలపగలిగి ఉంటే తన ఇల్లూ మునగదు, ఊరూ మునగదు. ఎగువన చేసే పనిలో సొంత మనిషి, పరాయి మనిషి అన్న తేడా ఉండదు. ప్రమాదం జరిగాక దిగువనే ఇల్లా లోకమా అన్న ఘర్షణ పుడుతుంది. ఇంకా వెనక్కి వెళ్తే, గట్టును గట్టిపరచడం, పూడిక తీయడం, ఆక్రమణలు లేకుండా చూడటం వేసవిలో పగటిపూట చేసే పనులు. ఆ పనికి వెళ్లిన మనిషి సాయంత్రం ఆరింటికి ఇంటికి రాగలడు, కూతురి హోంవర్క్ చూడగలడు. ఇలాంటి పనిని ఏ సూపర్ హీరో కథా చూపదు, ఎందుకంటే అందులో ఎగిసే నీరు లేదు, చివరి క్షణంలో పట్టుకునే చెయ్యి లేదు. లోకరక్షణకూ కుటుంబానికీ పొసగదన్న నమ్మకం మనలో బలపడటానికి ఇదొక పెద్ద కారణం: రక్షణ అంటే ఆఖరి నిమిషంలో జరిగేదే అని కథలు మనకు నేర్పాయి, ఆఖరి నిమిషం ఎప్పుడూ ఇంటి సమయాన్నే మింగుతుంది.

సెప్టెంబర్ 7న సైన్యం సాయంతో గండ్లు పూడ్చడం పూర్తయ్యాక మరో దశ మొదలైంది, అది కూడా కథలకు పట్టదు. నీరు తీసిన ఇళ్లలో మోకాలి లోతు బురద, పాడైన ఫ్రిజ్‌లు, తడిసి ఉబ్బిన పుస్తకాలు, సర్టిఫికెట్లు. ఆ ఇళ్లను కడగడానికి అగ్నిమాపక శకటాలు వచ్చాయి. వేరే పట్టణాల నుంచి పారిశుద్ధ్య కార్మికులను రప్పించారు. నాకు ఇది ఈ మొత్తం విషయానికి తాళంచెవిలా కనిపిస్తుంది. మునిగిన పేటల్లో ఉండే పారిశుద్ధ్య కార్మికురాలు తన ఇంట్లో బురద తీసుకుంటుందా, డ్యూటీకి వెళ్తుందా అన్న ప్రశ్నకు ఆమె వ్యక్తిగత సమర్థత సమాధానం కాదు. ఆ వారం ఆమె పని మరో ఊరి నుంచి వచ్చిన మనిషి చేస్తే ఆమె తన ఇంట్లో ఉండగలదు. వచ్చే ఏడాది వాళ్ల ఊరికి కష్టం వస్తే ఇక్కడివాళ్లు వెళ్లగలరు.

సూపర్ హీరోకు లేనిది ఇదే. అతని స్థానంలో నిలబడేవారు లేరు. లోకమంతటికీ ఒక్కడే అన్న గొప్పతనం మీదే అతని కథ నిలబడి ఉంది, ఆ ఒంటరితనమే అతని ఇంటిని కూలుస్తుంది. బదులు మనిషి లేని ఉద్యోగానికి సెలవు ఉండదు. సెలవు లేని మనిషికి కుటుంబం ఉన్నా లేనట్టే. మన దేశం 2005లో విపత్తు నిర్వహణ చట్టం చేసి, 2006లో జాతీయ విపత్తు ప్రతిస్పందన దళాన్ని ఏర్పాటు చేసినప్పుడు ఒక మహావీరుణ్ణి వెతకలేదు, బెటాలియన్లను నిర్మించింది. ఇప్పుడు అలాంటివి 16 ఉన్నాయి. పదో బెటాలియన్ మనకు దగ్గరలోనే, గన్నవరం పక్కన కొండపావులూరులో ఉంది. ఆ దళంలో పనిచేసే వ్యక్తి పేరు మనకు తెలియకపోవచ్చు, కానీ అతను అలిసిపోతే పడవ నడపడానికి మరొకరు ఉంటారు. గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించిన నర్సు ఉదయాన ఇంటికి బయలుదేరగలిగేది కూడా పగటి డ్యూటీ నర్సు వచ్చి రోగుల వివరాలు అప్పగించుకున్నాకే. షిఫ్టు పద్ధతి చూడటానికి నిరాడంబరంగా ఉంటుంది గానీ, మనిషిని ఇంటికి చేర్చే శక్తి దానికి ఉన్నంతగా ఎగిరే విద్యకు లేదు.

బయట ఇలా పంచుకున్నా, ఇంట్లో పంచుకోకపోతే సగం పనే అవుతుంది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఆరేళ్లు, ఆపై వయసున్న స్త్రీలలో 81.2 శాతం మంది జీతం లేని ఇంటిపనిలో పాల్గొంటే, పురుషులలో అలా పాల్గొన్నవారు 26.1 శాతం మాత్రమే. పాల్గొన్నవారిలో కూడా స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చించారు. ఇప్పుడు మన సింగ్‌నగర్ నాయికను, ఆమె స్థానంలో ఒక నాయకుణ్ణి ఊహించి పోల్చండి. నాయకుడు ఆకాశంలోకి లేస్తే అతని వెనక ఇంట్లో అన్నం వండేవారు, అమ్మకు మాత్ర ఇచ్చేవారు, బిడ్డను స్కూలుకు పంపేవారు ఎలాగూ ఉంటారని కథ అనుకుంటుంది. నాయిక లేస్తే ఆ పనులు ఆమె కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. ఆమె సమస్యను సమతుల్యం అని పిలుస్తాం, అతని సమస్యను త్యాగం అని పిలుస్తాం. ఆటోనగర్ నుంచి వచ్చిన భర్త స్టవ్ వెలిగించి, అత్తగారి మాత్రల డబ్బా ఎక్కడుందో తెలుసుకుని, పేరెంట్స్ మీటింగుకు వెళ్తే తప్ప ఆమె శక్తులకు అర్థం లేదు. అతను ఆమెకు సాయం చేస్తున్నాడనడం నాకు నచ్చదు. అతనిదే అయిన పని అతను చేస్తున్నాడు.

ఇంట్లో మిగిలిపోయిన మనిషి వైపు నుంచి వీరగాథను చూడటం మన భాషకు కొత్త కాదు. తెలుగు స్త్రీలు తరతరాలుగా పాడుకున్న 'ఊర్మిళాదేవి నిద్ర' పాట ఆ పనే చేసింది. అన్నగారి వెంట అడవికి వెళ్లి లక్ష్మణుడు 14 ఏళ్లు నిద్ర మాని కాపలా కాస్తే, ఇక్కడ అతని భార్య ఊర్మిళ ఆ ఏళ్లన్నీ నిద్రలోనే గడుపుతుంది. పట్టాభిషేకపు సందడిలో అందరూ ఆమెను మరచిపోతారు. లక్ష్మణుణ్ణి ఆమె దగ్గరికి పంపమని రాముడికి గుర్తుచేసేది సీత. భర్త వచ్చి మేల్కొలిపితే ఊర్మిళ అతన్ని గుర్తుపట్టదు. పరాయి మగవాడనుకుని, పరస్త్రీని కోరినందుకు ఇంద్రుడికి, రావణుడికి ఏమైందో చెప్పి హెచ్చరిస్తుంది. పౌలీన్ బాస్ వివరించిన దుఃఖాన్ని ఇంతకంటే సూటిగా చెప్పిన చోటు నాకు తెలియదు: కర్తవ్యం నుంచి తిరిగొచ్చిన మనిషి తన పడకగదిలోనే అపరిచితుడు. ఆ పాటలో మరొక సూక్ష్మం ఉంది. ఇంటి సంగతి గుర్తుచేసిన సీత ఆ 14 ఏళ్ల కష్టంలో అతని పక్కన ఉన్న మనిషే. అంటే కర్తవ్యంలో తోడున్నవారికి, పైఅధికారికి, జట్టుకు కూడా ఈ బాధ్యతలో వాటా ఉంది. ఇంటికి వెళ్లు అని చెప్పాల్సింది ఇంటివారు మాత్రమే కాదు.

అందుకే ముసుగు విషయంలో నా అభిప్రాయం గట్టిగానే ఉంది. లోకానికి పేరు తెలియకపోవడం వేరు, ఇంటికి తెలియకపోవడం వేరు. విపత్తు పనుల్లో ఉండేవారి కుటుంబాలకు వెళ్తున్నది ఎక్కడికో, ఎన్నాళ్లు పట్టవచ్చో, ఫోన్ అందకపోతే ఎవరిని అడగాలో తెలిసి ఉండాలి. వచ్చాక చూసినవన్నీ బిడ్డకు చెప్పనక్కరలేదు. కానీ మనసు బాగాలేదు, కాసేపు ఒంటరిగా ఉంటాను అన్న ఒక్క మాట చెబితే ఆ మౌనం తన తప్పు వల్లే అని బిడ్డ అనుకోదు. ఒత్తిడినీ ప్రవర్తననీ ఇంటి గడప దగ్గర పూర్తిగా వదలడం ఎవరికీ సాధ్యం కాదు గానీ, వాటికి పేరు పెట్టి చెప్పడం సాధ్యమే.

ఇక పిల్లల సంగతి మిగిలింది. కామిక్స్‌లో సూపర్‌మ్యాన్‌కు 1996లో పెళ్లయింది, తర్వాత కొడుకు పుట్టాడు, 2021 నాటికి ఆ కొడుకు కూడా అదే చిహ్నం ధరించి తండ్రి బాధ్యతలు అందుకున్నాడు. దాదాపు ప్రతి సూపర్ హీరో కుటుంబ కథా చివరికి ఇక్కడికే చేరుతుంది: ఇంటిల్లిపాదీ యుద్ధంలోకి దిగుతారు, ఇక ఘర్షణ ఉండదు. చూడటానికి ముచ్చటగా ఉన్నా ఇది పరిష్కారం కాదు. లోకం ఇంటిని పూర్తిగా మింగడం. ఉద్యోగంలో ఉండగా చనిపోయినవారి బిడ్డకు ఇచ్చే కారుణ్య నియామకంలా, ఇక్కడ బతికి ఉండగానే బిడ్డను తల్లి స్థానంలో నిలబెడుతున్నారు, తేడా ఏమిటంటే బిడ్డ దరఖాస్తు పెట్టలేదు. సింగ్‌నగర్ అమ్మాయికి తల్లి శక్తులు వచ్చినా రాకపోయినా, ఆమెకు ముందు పదో తరగతి పరీక్షలు ఉన్నాయి. వరద వచ్చిన రాత్రి తల్లికి ఫోన్ వస్తే వెళ్లాలి, తల్లి వెళ్లలేని రాత్రి ఆ ఫోన్ జాబితాలో తర్వాతి పెద్ద మనిషికి వెళ్లాలి. ఆ జాబితాలో కూతురి పేరు చేరాలా వద్దా అన్నది ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండాక, ఆమె అడిగితేనే, ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.